స్క్రూ మీద ఎర్ర చుక్క

(ఇంజన్లు కట్టే షెడ్డు. అక్క పిస్టన్ రింగు అరగదీస్తోంది. ఎల్లుండి కార్ల పందెంలో ఆ బండి నడపాల్సిన తమ్ముడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పక్క గదిలో బావ.)

“ఇంకా ఎంతసేపక్కా?”

“ఇది నాలుగోసారి అడగడం. నాలుగు సిలిండర్ బోర్లున్నాయి, ఏ బోరు రింగు ఆ బోరుదే. కూర్చో.”

“కూర్చోలేను.”

“అయితే లైటు పట్టుకో. వణక్కుండా.”

“రింగు కొసల మధ్య గ్యాపు ఎంత పెడుతున్నావు?”

“పద్దెనిమిది. పోయినసారి మీ బావ పెట్టిందే.”

“ఇరవై రెండు పెట్టకూడదూ?”

“ఎందుకు?”

“ఊరికే. ధైర్యానికి.”

“ధైర్యానికి గ్యాపు పెంచుతారట్రా? సందు ఎక్కువైతే ఒత్తిడంతా కిందికి జారిపోతుంది. ఆయిలు తాగి పొగ కక్కుతుంది బండి.”

“తక్కువైతే విరుగుతుంది కదా. పోయినసారి విరిగింది కదా.”

“పోయినసారి లైటు పట్టుకున్నది నేను. రింగును బోర్లో పెట్టి, పిస్టనుతో నెట్టి, వంకర లేకుండా కూర్చోబెట్టి, సందు కొలిచే గేజి ఆకు మూడుసార్లు దూర్చి చూశారు మీ బావ. మూడుసార్లూ పద్దెనిమిదే.”

“మరి తప్పు తనదేనని బావే కదా అన్నాడు. అందరి ముందూ.”

“అన్నారు. అన్న దగ్గర్నుంచీ ఎనిమిది నెలలుగా గేజి ముట్టలేదు. అదిగో, బోల్టులు కడుగుతున్నారు, విను. ఇరవై ఏళ్ళు ఇంజన్లు కట్టిన మనిషి! మీకు చూపు ఆనడం లేదేమోనండీ అన్నాను ఒకరోజు. నా నోటితో నేనే అన్నాను.”

“ఆ సంగతి ఇప్పుడెందుకక్కా. ఇరవై రెండు పెట్టు.”

“ఎల్లుండి టర్బో బూస్ట్ ఎంత పెట్టి నడుపుతావు?”

“ఓనరు చెప్పినంతే.”

“ఓనరు చెప్పినంతకి పద్దెనిమిది చాలు.”

“చాలితే సరే. కాదు... కాదు, ఇరవై రెండే పెట్టు, నీకు పుణ్యముంటుంది.”

“ఇటు చూడు. లైటు కాదు, నువ్వు. టర్బో ఇంజన్లోకి గాలి ఎంత ఊదితే అంత వేడి. వేడికి రింగు సాగుతుంది, ఆ సాగడానికే ఈ సందు. ఎక్కువ ఊదేవాడికే ఎక్కువ సందు కావాలి. బూస్ట్ పెంచే స్క్రూ ఎంత తిప్పుదామని?”

“ఎల్లుండి తిప్పను. ఒట్టు.”

“ఎల్లుండి తిప్పవు.”

“తిప్పనన్నానుగా.”

“మరెప్పుడు తిప్పావు?”

“లైటు నువ్వు పట్టుకో కాసేపు. చెయ్యి నొప్పిగా ఉంది.”

“ఎప్పుడు తిప్పావురా?”

“పోయిన పందెంలో. బండి స్టార్టింగు గీత దగ్గరికి వెళ్ళే ముందు. సగం చుట్టు. సగమేనక్కా.”

“సగం చుట్టు. దాంతో రింగు కొసలు రెండూ ఢీకొని, సాగడానికి చోటు లేక విరిగింది. పిస్టను పగిలింది. ఆయన పేరు పోయింది. ఎనిమిది నెలలుగా వారం వారం మా ఇంట్లో భోంచేస్తున్నావు కదా, ముద్ద ఎలా దిగిందిరా?”

“దిగలేదు. ప్రతిసారీ చెబుదామనే వచ్చేవాణ్ణి. బావని చూడగానే నోరు పెగిలేది కాదు. ఓనరుకి తెలిస్తే మళ్ళీ బండి ఎక్కనివ్వడు.”

“ఎక్కనివ్వకపోతే దిగు. లైటు అక్కడ పెట్టి, వెళ్ళి ఆయనకి చెప్పు.”

“చెబుతాను. ఓనరుకీ చెబుతాను. సీటు పోతే పోనీ, నాకూ ఈ దొంగబతుకు విసుగొచ్చింది. బావ కొడితే మాత్రం అడ్డు రాకు.”

“రాను. వెళ్ళు. ...ఆగు ఆగు.”

“ఏంటి?”

“స్క్రూ బిగించాక దాని మీద ఎర్ర రంగు చుక్క పెడతారు కదా మీ బావ, ఎవరైనా తిప్పితే పెచ్చు ఊడి తెలిసిపోతుందని. మర్నాడు ఓనరు వచ్చి చూసినప్పుడు చుక్క చెక్కుచెదరకుండా ఉంది. నేనూ చూశాను. అది చూసే కదా, తప్పంతా గ్యాపుదే అన్నారు అందరూ.”

“ఊడింది. నా స్క్రూడ్రైవరు కిందే రాలింది. మర్నాడు చూస్తే నిండుగా ఉంది. నా అదృష్టం అనుకున్నాను. కాదక్కా, ఏమీ అనుకోలేదు. ఆలోచించడానికే భయమేసింది.”

“రాలిన రంగు తనంతట తాను వచ్చి అతుక్కుంటుందిట్రా?”

“మరి ఎవరు...”

“పాడైన బండి తోసుకొచ్చిన ఆ సాయంత్రం, మీ బావ నా ఎర్ర గోళ్ళరంగు సీసా అడిగి పట్టుకెళ్ళారు. ఈ వయసులో మీకెందుకండీ అని నేను నవ్వాను కూడా.”