గిన్నె అడుగున ఎర్ర చుక్క

సభను నడిపిస్తున్న డైరెక్టరుగారికి, నన్ను ఈ పనిలోకి దింపి, ఈ వయసులోనూ చేతికర్ర పట్టుకుని ముందు వరుసలో కూర్చున్న మా గురువుగారికి, ప్రయోగశాల మిత్రులకు, నా చాదస్తాన్ని ముప్ఫై ఏళ్లుగా సాయంత్రాలు మాత్రమే భరించి, రేపటి నుంచి పగలు కూడా భరించబోతున్న నా శ్రీమతికి నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి అందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. అంత ఎత్తు నుంచి దిగడానికి నాకు కాస్త సమయం పడుతుంది, ఓపిక పట్టండి. మర్యాదకి ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మీరంతా నా వెనక నన్ను 'మూతల సారు' అంటారు. నాకు తెలియదనుకోకండి, గోడలకు చెవులుంటాయి. ఎవరైనా ప్రయోగాల గాజు గిన్నె మూత మీద వివరాలు రాస్తే గావుకేక పెట్టి, "మూత మీద కాదు, అడుగున రాయండి" అంటూ పెన్ను లాక్కుంటాను కాబట్టి ఆ పేరు వచ్చింది. (నవ్వులు) ఆ కేకల వెనక ఏముందో ఇవాళ చెబుతాను.

మీ పిల్లలు కూడా వచ్చారు కనుక ముందు మా పనేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. మట్టిలో ఒక బ్యాక్టీరియా ఉంది. మొక్కకు గాయమైన చోట చేరి, తన జన్యువుల్లో ఒక ముక్కను మొక్క కణంలోకి దూర్చేస్తుంది. పాపం మొక్క, అది తన సొంతమే అనుకుని అక్కడ కణితి పెంచి, దానికి తిండి వండిపెడుతుంది. చుట్టపుచూపుగా వచ్చి వంటింటి పెత్తనం పుచ్చుకున్నట్టన్నమాట. మా ముందుతరం వాళ్లు ఆ ముక్కలోంచి కణితి కట్టించే జన్యువులు తీసేసి, ఆ చోట మనకు కావలసినవి పెట్టడం నేర్చారు. బ్యాక్టీరియాకు ఆ తేడా పట్టదు, ఇచ్చినదాన్ని తీసుకెళ్లి చేరవేస్తుంది. దానిచేత మేం చిక్కుడు మొక్కలోకి పల్లాకు తెగులును తట్టుకునే జన్యువు పంపాలనుకున్నాం. ఆ తెగులు సోకితే ఆకులన్నీ పసుపుపచ్చగా మారి, తోట కాయ పట్టకుండానే పోతుంది. కానీ చిక్కుడు మొండిఘటం. చిక్కుడు మొలకల్ని కోసి వెయ్యి ముక్కల్ని బ్యాక్టీరియాలో ముంచితే ఒకటో రెండో మన దారికొస్తాయి.

అలా దారికొచ్చినవేవో తెలియడానికి, ముక్కలకు తిండిగా గిన్నెల్లో పోసే జెల్లీలో ఒక మందు కలిపి, ఆ గిన్నెల్లో ముక్కల్ని పెడతాం. జన్యువు చేరనివి చచ్చిపోతాయి, చేరినవి పచ్చగా నిలుస్తాయి. పోల్చి చూసుకోవడానికి బ్యాక్టీరియా తగలని ముక్కల్ని మందులేని గిన్నెల్లో విడిగా పెంచుతాం, అక్కడ అన్నీ పచ్చగానే ఉంటాయి. ఆ జెల్లీ కాచి పోసేది మూడో వరుసలో, గోడపక్కన కూర్చున్న మా జెల్లీ అక్క. నాకంటే నాలుగేళ్లు చిన్నదే, అయినా నాతో సహా అందరికీ అక్కే.

ఎనిమిదేళ్ల క్రితం మందు గిన్నెల్లో ముక్కలు ఒకటీ రెండూ కాదు, అన్నీ పచ్చగా నిలిచాయి. నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఊరంతా టముకు వేశాను. మందులేనివని మూతల మీద రాసి ఉన్న రెండో దొంతర గిన్నెల్లో ముక్కలు నల్లబడి ఉంటే, ఏదో బూజు పట్టిందనుకుని సరిగా చూడకుండానే పారేయించాను. రెండు నెలలకు బయటి ప్రయోగశాల వాళ్లు పరీక్షచేసి, ఒక్క మొక్కలోనూ కొత్త జన్యువు లేదన్నారు. తల కొట్టేసినట్టయింది. జెల్లీలో మందు కలపడం మరిచిపోయి ఉంటారని ఎవరో అన్నారు. ఆ ఎవరో నేనే.

"మందు పోసిన ప్రతి గిన్నెకీ అడుగున ఎర్ర చుక్క పెడతాను, తీసి చూడండి సార్" అని అక్క అడిగింది. గిన్నెలన్నీ పారేశామని చెప్పాను. ఇదే హాల్లో, అందరి ముందూ, ఆవిడను విత్తనాల గదికి మార్చారు. తప్పు ఆవిడదేనంటూ ఆవిడ ఫైల్లో ఒక కాగితం కూడా చేర్చారు.

అయిదు నెలల తర్వాత నా బీరువా సర్దుతుంటే, విజయానికి గుర్తుగా దాచుకుని మరిచిపోయిన, ఇదిగో నా చేతిలో ఉన్న ఈ గిన్నె దొరికింది. మూత మీద 'మందు' అని నా చేతిరాత. తిరగేసి చూస్తే అడుగున ఎర్ర చుక్క లేదు. ముక్కలు పేర్చే హడావిడిలో రెండు దొంతరల మూతలూ తీసి, ఒకదాని మూతలు మరొకదానికి పెట్టింది నేనే. అన్నీ పచ్చగా ఉన్నది మందులేని దొంతర. నేను పారేయించిన దాంట్లోనే ఒకటో రెండో అసలైన మొక్కలు ఉండి ఉంటాయి.

అప్పుడు నేనేం చేశాను? ఆవిడలా జెల్లీ ఎవరూ పోయలేరని చెప్పి వెనక్కి రప్పించాను. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం చెప్పడానికి నోరు రాక, ఏడేళ్లుగా మీమీద మూతల గురించి కేకలేస్తూ వచ్చాను.

నిన్న జెల్లీ గదికి వెళ్లి ఈ గిన్నె ఆవిడ ముందు పెట్టాను. చేతిలో పని ఆపకుండా అంతా విని, అడుగు తిప్పి చూసి, "నాకెప్పుడో తెలుసు సార్. చుక్క పెట్టేది నేనేగా" అంది. క్షమించమన్నాను. "నాకొక్కదానికి చెబితే ఎలా? నన్ను పంపింది అందరి ముందూ కదా" అంది.

అందుకే ఇలా చెబుతున్నాను. తప్పు నాది. అక్క మందు కలిపింది. డైరెక్టరుగారూ, ఆ ఫైల్లోని కాగితం తీసేయమని నేను సంతకం చేసిన ఉత్తరం ఇదిగో, మీ చేతికే ఇస్తున్నాను. (డైరెక్టరు లేచి ఉత్తరం అందుకున్నారు)

ఇప్పుడు ఒక మంచి మాట. రెండేళ్ల క్రితం అక్క పోసిన ఎర్ర చుక్క గిన్నెల్లో నాలుగు ముక్కలు పచ్చగా నిలిచాయి. ఈసారి మూడు చోట్ల పరీక్ష చేయించాక గానీ నోరు విప్పలేదు. వాటి విత్తనాలతో వచ్చిన మొక్కల్ని తెగులు సోకినవాటి మధ్యే పెంచితే, పక్కవన్నీ పసుపెక్కినా ఇవి నిండుగా కాశాయి. వచ్చే పంటకాలానికి మన ప్రయోగ పొలంలో నాటడానికి అనుమతి కూడా వచ్చింది. నేను ఉద్యోగంలో ఉండను గానీ, గట్టుమీద నిలబడి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాను. (చప్పట్లు)

ఇంత విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నాకిచ్చిన జ్ఞాపికను మా ఆవిడ పట్టుకుంటుంది. ఈ గిన్నె మాత్రం అక్కకు చేరాల్సింది. కూర్చోండక్కా, మీరు లేవద్దు. నేనే దిగి వస్తున్నాను. సెలవు.