చిట్టెమ్మ లాలికి రాజావారి ముద్ర

హలో… హలో… ఆ, నేనేనండి, మహాలక్ష్మమ్మని.

…అరవక్కర్లేదండి అన్నయ్యగారూ. మీరు కోటలోంచి అలా అరిస్తే ఈ గొట్టంతో పనిలేకుండానే మా తోటబంగళాకి వినిపించేస్తుంది. నెమ్మదిగా మాట్లాడండి. దివాన్‌గారి గొంతు పోతే సంస్థానం ఏమైపోవాలి?

మీ బావగారా?… ఉన్నారు. అరుగుమీద కూర్చున్నారు, గోడకేసి తిరిగి.

…పిలవను. పిలిచినా రారు.

…ఒంట్లో నిక్షేపంలా ఉంది. పొద్దున్న దిబ్బరొట్టె అడిగి మరీ పెట్టించుకున్నారు. జ్వరమూ లేదు, గొంతూ పోలేదు. పాడనన్నారు, అంతే.

…తెలుసండీ. ఇవాళ రాజావారి షష్టిపూర్తి అనీ తెలుసు, కలెక్టరు దొరగారు వచ్చారనీ తెలుసు. మీ బావగారు ఇక్కడ ఈ గొట్టంలో పాడితే అక్కడ సభలో దొరగారు చెవికి పెట్టుకుని వింటారనీ, ఈ వింత మద్రాసులో కూడా ఎవరూ ఎరగరనీ మీరు నెల్లాళ్లనుంచీ చెబుతూనే ఉన్నారు.

…రాజావారి కృతి. చిత్తం. రాజావారి కృతే. నేనెక్కడ కాదన్నాను?

…వెటకారం కాదండీ బాబూ! ఇన్నేళ్లుగా చూస్తున్నాను, రాజావారు కృతులు ఎలా రచిస్తారో నాకు తెలియదా? ఇదివరకు బంట్రోతు వచ్చి చెప్పేవాడు. ఈ టెలిఫోను పెట్టించాక ఏకంగా గంటే మోగుతోంది. మీ బావగారు అన్నంలో చారు పోసుకునేసరికి గణగణా! "శాస్త్రీ, అమ్మవారిమీద తోడిలో ఒకటి కావాలి, శుక్రవారానికి." అంతే, రచన అయిపోయింది. ఇక మిగిలిందేముంది? మాటలూ, వరసా, స్వరాలూ. ఆ చిల్లర పనులన్నీ మీ బావగారు చూసుకుంటారు.

…అబ్బే, వరస కూడా ఒకసారి ఇచ్చారండీ, అన్యాయంగా అనకూడదు. ఈ గొట్టంలోనే "తందన తాన" అని కూనిరాగం తీశారు. నేనూ విన్నాను. అంతకు ముందురోజు మన వీధిలో గంగిరెద్దులవాడు సన్నాయిమీద వాయించిందే.

…ముద్ర మాటా? అదెలా మరిచిపోతాం! ఆఖరి చరణంలో కట్టినవాడి పేరు పడాలి కదా. పెద్దలందరూ అలాగే వేసుకున్నారు. అందుకని ఆఖరి చరణం రాగానే "పల్లభూప" అని పల్లంరాజువారి ముద్ర. పాట మీ బావగారిది, పేరు రాజావారిది. మీ బావగారు ఎప్పుడైనా మారుమాట అన్నారా? "తిండి పెడుతున్నారే, పేరుదేముంది" అనేవారు.

…రాజావారి కృతుల పుస్తకమా? అందింది. బంట్రోతు తెచ్చిచ్చాడు, ఆత్రేయపురం పూతరేకుల పొట్లంతో సహా. పూతరేకులు చాలా బాగున్నాయి.

…చదివానండీ. ముందు మీరు రాసిన ప్రభువుల జీవితచరిత్ర కూడా చదివాను. ఐదో ఏటే భైరవి రాగం ఆలాపించారా? మరి ఆయనకి పాలిచ్చి పెంచిన రత్తమ్మ మా వెనకవీధిలోనే ఉంది. ఐదేళ్లొచ్చినా పిల్లాడికి మాట రాకపోతే పట్టిసం వీరభద్రుడికి మొక్కుకున్నారని చెబుతుంది. మాట రాకుండానే భైరవి వచ్చిందేమో మరి.

…అన్నవరం సంగతీ చదివాను. సత్రంలో నిద్రపోతూంటే సత్యనారాయణస్వామి కలలోకి వచ్చి తంబురా చేతికిచ్చాడని. ఆ ప్రయాణంలో మేమూ ఉన్నాం అన్నయ్యగారూ, మరిచిపోయారా? రాజావారు ప్రసాదం జాస్తిగా తిని కడుపు పట్టుకుని దొర్లారు. శొంఠి కషాయం కాచి పంపింది నేను. స్వామివారు వచ్చినట్టు నాకెవరూ చెప్పలేదు, చెబితే ఆయనకీ ఒక గ్లాసు పంపేదాన్ని.

…నవ్వుతున్నారేంటి? రాసింది మీరేగా!… ఓహో, రాయమంటే రాశారు. పోనీలెండి, అందరం అంతే. పాట కావాలంటే మీ బావగారు, బతుకు కావాలంటే మీరు.

…సరేనండి, అసలు విషయానికే వస్తాను. ఆ పుస్తకం చేతిలో ఉందా? చివరి పాట తియ్యండి.

…ఆ, లాలిపాటే. ఇవాళ దొరగారికి వినిపించాలని రాజావారు ఏరుకున్నది అదేగా.

…బాగుంటుందండీ. ఎందుకు బాగోదు? ఆఖరి చరణం ఒకసారి చదవండి.

…మనసులో కాదు, పైకి. పక్కన ఎవరైనా ఉన్నారా?… ఉంటే మరీ మంచిది.

"లంకమీద గాలి నిదరోయె"… ఊఁ. "లాకు కింద నీరు నిదరోయె"… ఊఁ, చదవండి. "పాలు తాగి పక్క తడిపేసి"…

ఆగిపోయారేంటి?

…చదవండి అన్నయ్యగారూ, మీ ఇంట్లో మనిషినే. "నిదరపోరా తండ్రి పల్లభూపా."

…

హలో? ఉన్నారా?

…అచ్చేనండీ, అచ్చులోనే ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసినా అదే ఉంటుంది. అరవయ్యేళ్ల ప్రభువు, ఆ మీసాలూ ఆ తలపాగా, షష్టిపూర్తి పూటా పాలు తాగి పక్క తడిపి పడుకున్నారు. జోకొడుతున్నది కూడా ఆయనే. కృతి ఆయనదేగా!

…ఎవరు మార్చారంటే ఏం చెప్పను? మీ గుమాస్తా ముసలయ్యగారు. పాపం ఆయన్నేం అనకండి. ఆఖరి చరణంలో ఏ పేరు కనబడితే అది తీసేసి పల్లభూప అని వెయ్యమని ఆజ్ఞ. వేశారు. ఆడపిల్ల పాటని మగపిల్లాడికి దిద్దారు కూడా. అంతకంటే శ్రద్ధగా ఎవరు చేస్తారు?

…అంతకుముందు ఏ పేరుండేదా?

మీకు నిజంగా గుర్తు లేదా?… చిట్టెమ్మ.

…అవును. మా చిట్టెమ్మే. మీ భుజంమీదెక్కి తలపాగా లాగేసేది చూడండి, ఆ పిల్లే. వరదొచ్చిన ఏడు వాంతులు పట్టుకుని పోయింది.

…లేదు, మీ బావగారు ఇవ్వలేదు. చచ్చినా ఇవ్వరు. అది కృతీ కాదు, కీర్తనా కాదు. పిల్ల పడుకోకపోతే ఆయన ఒకనాడు ఒక ముక్క, ఇంకోనాడు ఒక ముక్క కట్టి పాడుకున్నది. పిల్ల పోయాక మళ్లీ నోరెత్తి ఆ పాట పాడలేదు. మరిచిపోతామేమోనన్న భయంతో కాగితంమీద పెట్టుకున్నారు. ఆయన రాజమండ్రి వెళ్లినప్పుడు ముసలయ్యగారొచ్చి పాటల కాగితాలేవి అంటే నేను గది చూపించాను. దొరికినవన్నీ మూటగట్టుకుపోయారు, అదీ అందులో పోయింది.

…ఒక్క పేరేగా అంటారేంటండీ? ఆ పిల్లకి ఫోటో లేదు. గుడ్డపీలిక కూడా మిగల్లేదు, అన్నీ తగలబెట్టమన్నారు వైద్యుడుగారు. అది పుట్టినట్టు, నడిచినట్టు, మా ఇంట్లో తిరిగినట్టు ఈ ముక్కలోనే ఉంది. అదీ చెరిపేస్తే నా పిల్ల అసలు పుట్టనట్టే. మిగతావన్నీ పట్టుకుపోండి. అమ్మవారి పాటలూ, కృష్ణుడి పాటలూ, అన్నీ రాజావారినే రాసుకోమనండి. ఇదొక్కటి ఇవ్వను.

…ఏంటీ? తోటబంగళా ఖాళీ చెయ్యాల్సొస్తుందా? ఆ మాట రాజావారన్నారా, మీరే అంటున్నారా?… మీరేనా. అలాగే, చేస్తాం. ఒక తంబురా, నాలుగు గిన్నెలు. చిన్న పడవలో సరిపోతాయి. మరి వచ్చే శుక్రవారానికి రాజావారు కృతి ఎలా రచిస్తారు? మీరు గానీ కట్టిపెడతారా?

…అదీ. ఇప్పుడు మా అన్నయ్యగారిలా మాట్లాడారు.

…పుస్తకాలు పంచేశారా? అందరికీనా? దొరగారికి కూడానా? అయ్యో రామ! పోనీ, ఆయనకి తెలుగు రాదుగా.

…తెలుగు పరీక్ష పాసయ్యారా! వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటున్నారా! ఎక్కడిదాకా వచ్చారు?… అయితే తొందరగా తేల్చుకోండి.

…నేను కోరేది పెద్దదేం కాదు. ఆ చోట చిట్టెమ్మ అని పాడాలి. అచ్చుతప్పు అని చెప్పుకోండి, మీ ఇష్టం. మీ బావగారి పేరు ఎత్తక్కర్లేదు. ఎవరు కట్టారో చెప్పనే అక్కర్లేదు. పిల్ల పేరు మాత్రం వినబడాలి.

…రాజావారిని అడిగొస్తారా? అడగండి. ఉంటాను.

…

ఏవండీ, విన్నారా? అడగడానికి వెళ్లారు… కాస్త ఇటు తిరగండి. చిట్టెమ్మ అంటే పాడతారా?… ఏం?… మీవల్ల కాదా… సరేలెండి. నేను పాడతాను.

ఏం, నేను పాడకూడదా? రోజూ దాన్ని నిద్రపుచ్చింది నేను కాదూ? తమరు రెండో చరణానికే గుర్రుపెట్టేవారు.

…

హలో. ఆ, ఉన్నాను… ఒప్పుకున్నారా? అంత తొందరగానా?… దొరగారు నవ్వారా! ఏ పేజీ చూసి?… అయితే ఒప్పుకోక ఏం చేస్తారు.

…కాదండీ, మీ బావగారు కాదు, నేను పాడతాను… సభలోకి నేనెక్కడ వస్తున్నాను? నా ఇంట్లో నిలబడి నా పిల్ల పాట నేను పాడుకుంటున్నాను. అక్కడ గొట్టం చెవికి పెట్టుకుని దొరగారు వింటే అది నా తప్పా? ఇవ్వండి ఆయనకి.

…

దణ్ణమండీ దొరగారూ.

లంకమీద గాలి నిదరోయె…
లాకు కింద నీరు నిదరోయె…
పాలు తాగి పక్క తడిపేసి
నిదరపోవే తల్లి చిట్టెమ్మా…
నిదరపోవే తల్లి… చిట్టెమ్మా…

…

హలో?… ఎవరూ, అన్నయ్యగారేనా? విన్నారా ఆయన?… టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారా. మంచివాడిలాగే ఉన్నాడు.

…ఏమని అడిగారు?… "చిట్టెమ్మ ఎవరు?" అనా.

చూశారా అన్నయ్యగారూ! ఇన్నేళ్లలో పల్లభూప ఎవరని ఒక్కరూ అడగలేదు. దాని పేరు ఒక్కసారి వినబడగానే అడిగారు. నాకది చాలండి. నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మీరేం చెప్పారు?

…మీరు చెప్పలేదా? రాజావారే చెప్పారా? ఏమని?

…

సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి చెప్పండి.

…తన కూతురనా.

…పసితనంలోనే పోయిందనా. ఆ దుఃఖంలో తనే కట్టాననా.

…ఆయనకున్నది ముగ్గురూ మగపిల్లలే కదండీ అన్నయ్యగారూ.

…కళ్లు తుడుచుకున్నారా. దొరగారు లేచి చెయ్యి పట్టుకున్నారా. సభంతా ఏడుస్తోందా.

…మీరు ఆ పక్కనే నిలబడి ఉన్నారుగా. దాన్ని భుజంమీద మోసినవాళ్లు. మీరేమన్నారు?



…లేదు, ఏడవడం లేదు. ఒక్క క్షణం ఉండండి.

ఏవండీ. ఇలా రండి… రాజావారు మన పిల్లని కూడా రాసేసుకున్నారు… అవునండి, చిట్టెమ్మని. తన కూతురని చెప్పారట, సభలో, అందరి ఎదురుగానూ.

…

లేచారా… కండువా ఆ చిలక్కొయ్యకి ఉంది… చెప్పులు?… వద్దా. సరే, నడవండి. నేనూ వస్తున్నాను.

హలో, అన్నయ్యగారూ. మీ బావగారు బయల్దేరారు.

…పాడటానికి కాదు.

…ఆపలేనండి. ఆపను కూడా. బంగళా తలుపులు బార్లా తీసే ఉంటాయి, మనుషుల్ని పంపించుకోండి.

…ఇంక బతిమాలకండి. ఒక్క పని చెయ్యండి చాలు. దొరగారిని లేవనివ్వకండి. చిట్టెమ్మ ఎవరని అడిగారుగా, వాళ్ల నాన్న వచ్చి చెబుతారు.

పెట్టేస్తున్నాను.