జరంత దూరం మైకు

గనిలో పేలుళ్ల మోతకు వినికిడి తగ్గిన తండ్రికి ఆ వారమే చెవి మిషన్ వచ్చింది. ములకలపల్లిలోని ఇంట్లో కూతురు తాను కట్టిన పాటను కంప్యూటర్‌లో ఆయనకు వినిపించింది.

“ఎట్లుంది నాన్నా?”

“అంతా మోతనే బిడ్డా. ఏ దెబ్బ ఏదో తెలుస్తలేదు.”

“దూరం మైకు ఎక్కువైనట్టుంది. ఈ సాఫ్ట్‌వేర్ల డ్రమ్ములను రెండు తీర్ల రికార్డు చేసి పెట్టిండ్రు. ఒక మైకు డ్రమ్ము పక్కనే, ఇంకోటి గదిల మోతంత పట్టేటట్టు దూరంగ. దూరందాన్ని మొత్తం తీసేసిన. ఇప్పుడు విను.”

“ఆగు... అవ్, వినొస్తుంది. ఒక్కొక్క దెబ్బ వేరేగ వినొస్తుంది.”

“నీ కాలు దరువేస్తుంది నాన్నా.”

“వెయ్యనియ్యి. ఇన్నేండ్లు నీ పాటలకు ఊకెనే తలూపిన.”

“నాకెరుకే. అందుకే ఇది నీ ఒక్కనికోసం ఇట్లనే ఉంచుత.”

పాట మళ్లీ మొదలైంది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

“బిడ్డా, ఆ దూరం మైకు జరంత కలుపు.”

“మళ్లా మోతయితది గద.”

“జరంతనే. ఇట్లయితే నేనొక్కణ్ణే మూలకు కూసున్నట్టుంది.”

“ఇప్పుడెట్లుంది?”

“ఇప్పుడు నలుగురి నడుమ ఉన్నట్టుంది. పో, మీ అమ్మను గూడ పిలువు.”