తొట్టిలో ఇరుక్కున్న తల

పాత చెక్క పలకలతో ఆలుమగలు మూడు రోజులు కష్టపడి చేసిన మేత తొట్టి అది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి చేసిన మొదటి వస్తువని ఆమె పొద్దుటి నుంచీ మురిసిపోతోంది. అంతలో చూడి ఆవు తొట్టి ముందువైపు నిలువు పలకల సందులో తల దూర్చి, వెనక్కి తీసుకోలేక గింజుకుంటోంది.

“ఏవండీ, మెడ నొక్కుకుపోతోంది! రంపం తెండి.”

“ఆ చప్పుడికి బెదిరితే మెడ విరుచుకుంటుంది. కదలకు.”

“సందు కొలిచింది మీరేగా?”

“తల కొలిచాను. కొమ్ములు మర్చిపోయాను. దెప్పడానికి ఇదేనా సమయం?”

“దెప్పట్లేదండీ. మరి కొమ్ములతో లోపలికెలా వెళ్లింది?”

“తల పక్కకి వాల్చి.”

“అయితే వాల్చే బయటికి రావాలి. నేను వాల్పిస్తాను, మీరు మెడతాడు మెల్లగా లాగండి.”

ఆమె పిడికెడు పచ్చగడ్డిని తొట్టిలో ఓ పక్కకి, బాగా కిందికి పట్టుకుంది.

“రా తల్లీ... ఇటు... ఇంకాస్త వంచు...”

“ఒక కొమ్ము వచ్చేసింది!”

“అరవకండి, బాబూ!”

రెండోదీ వచ్చింది. ఆవు నాలుగడుగులు వెనక్కి వేసి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ గడ్డికేసి నడిచింది.

“ఏవండీ, దీనికి బుద్ధి రాలేదు! కట్టేసి రంపం తెండి.”

“ఎన్ని పలకలు కొయ్యమంటావు?”

“ఒకటి విడిచి ఒకటి.”

“మూడు రోజుల కష్టం పోతుందే!”

“పోతే పోనివ్వండి. మళ్లీ మనిద్దరమేగా చేసేది!”