రంపంతో కోసిన పెరుగు

బస్సుల షెడ్డులో మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ పాత టైర్ల మీద కూర్చుని క్యారియర్లు విప్పుతారు. గేర్ల బాబాయ్ మాత్రం క్యారియర్ కంటే ముందు నోరు విప్పుతాడు. ముప్పై ఏళ్ళుగా గేరుబాక్సులు బాగుచేస్తున్నాడు కాబట్టి తనకా పేరు వచ్చిందని ఆయన చెప్పుకుంటాడు. మాట మొదటి గేరులో బయల్దేరి ఎక్కడికో వెళ్ళిపోతుందనీ, రివర్సు గేరు అసలు లేదనీ, అందుకే ఆ పేరనీ షెడ్డువాళ్ళు చెప్పుకుంటారు.

ఆ రోజు ఆయన నిజంతోనే మొదలుపెట్టాడు.

"మా ఇంట్లో పాలప్యాకెట్టు కొని నెల దాటింది. పల్లీలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండి, నా చేత్తో నేనే పెరుగు తోడేస్తున్నాను. ప్యాకెట్టు లేదు కాబట్టి ప్లాస్టిక్కూ లేదు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు."

ఇందులో అబద్ధం లేదు. నెల కిందట ఆయన కూతురు పాలు, గుడ్లు, మాంసం అన్నీ మానేసింది. అలాంటివాళ్ళని వీగన్ అంటారంది. ఇంట్లోకి ప్లాస్టిక్ కవరు కూడా రానివ్వనంది. రెండు రకాల వంటలు తన వల్ల కాదని వాళ్ళమ్మ చేతులెత్తేసింది. పెరుగు లేనిదే ముద్ద దిగని పిల్ల నాలుగు రోజులు ఉత్తి పప్పన్నం తిని లేచిపోతుంటే గేర్ల బాబాయ్ చూడలేకపోయాడు. అంతకుముందు మంచినీళ్ళకి తప్ప వంటింట్లోకి వెళ్ళని మనిషి మిక్సీ ముందు నిలబడ్డాడు.

"తోడుకుంటుందా మరి?" అన్నాడు టైర్లు మార్చే కుర్రమేస్త్రి, అన్నం కలుపుకుంటూ.

మామూలు ప్రశ్నే. కానీ సరిగ్గా తగలకూడని చోట తగిలింది.

"తోడుకోవడమా?" అన్నాడు గేర్ల బాబాయ్. "గిన్నె బోర్లించినా కదిలితే ఒట్టు. మొదటి రోజే మా ఆవిడ గరిటె పెట్టింది, గరిటె వంగిపోయింది. ఇలా కాదని మర్నాడు ఇక్కణ్ణుంచి రంపపు బ్లేడు పట్టుకెళ్ళి, నాలుగు ముక్కలు కోసి, తలో ముక్కా వడ్డించాను."

"పోయిన నెల కనిపించకుండా పోయిన బ్లేడు అదేనన్నమాట."

"కడిగి తెచ్చి పెట్టేశాను లేవోయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి మా వీధి చివర పాలాయన గేదెకి తెలిసింది."

"గేదెకి ఎవరు చెప్పారన్నయ్యా?" అంది ఎదురుగా కూర్చున్న కండక్టరమ్మ.

"ఒకరు చెప్పాలా చెల్లెమ్మా, వాసన చాలదూ. తాడు తెంపుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది. గిన్నెలోకి తొంగిచూసింది. ఒక్క మాట లేదు, తల దించుకుని వెనక్కి వెళ్ళిపోయింది. మూడు రోజులు పాలివ్వలేదు. ఎంతైనా గేదెకీ ఒక పరువుంటుంది కదా."

అటు పక్క ఎవరికో పొలమారింది. గేర్ల బాబాయ్‌కి ఊపొచ్చింది.

"ఇక చెత్త సంగతి వినండి. బజారుకి గుడ్డసంచీ, నూనెకి సీసా, పప్పులకి స్టీలు డబ్బాలు. చెత్తబుట్టలో పడడానికి ఏమీ లేక దానికి సాలెగూడు పట్టింది. చెత్తబండివాడు వారం రోజులు చూసి, పాపం వీళ్ళకేమైందోనని పక్కింటివాళ్ళని వాకబు చేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కవర్ల ఫ్యాక్టరీ యజమాని కారేసుకుని వచ్చాడు. 'అయ్యా, మీరు మానేసిన దగ్గర్నుంచీ నా మిషన్లు ఆగిపోయాయి, రోజుకొక్క కవరైనా పుచ్చుకోండి' అని బతిమాలాడు."

"ఒక్క ఇల్లు మానేస్తేనా?"

"నన్ను చూసి మా వీధి, మా వీధిని చూసి పేట, పేటని చూసి ఊరూ మానేసింది మరి. నేనేం చేశానూ, ఆయన్ని కూర్చోబెట్టి ఒక ముక్క పెరుగు పెట్టాను. తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడా ఫ్యాక్టరీలో పల్లీలు రుబ్బుతున్నారు."

ఇక్కడ ఆపితే బాగుండునని ఆయనకే అనిపించింది. కానీ ఆపితే మళ్ళీ ఎవరైనా ఆ మొదటి ప్రశ్నే అడుగుతారేమోనని భయం. ఆ భయమే ముందుకి తోసింది.

"అదంతా ఎందుకు, మొన్న సోమవారం మూడో నంబరు బస్సు కింద జాకీ జారిపోయింది. చేతికి ఇంకేమీ అందలేదు. క్యారియర్లోంచి పెరుగుముద్ద తీసి కింద దోపాను. బస్సు బస్సంతా దాని మీద నిలబడింది. తాపీగా టైరు మార్చేశాం."

"టైర్లు మార్చేది నేను కదా బాబాయ్?"

"నువ్వు ఆ రోజు సెలవు."

"సోమవారం నేనిక్కడే ఉన్నాను."

"ఒక పూట సెలవు పెట్టావు. నీకు గుర్తులేదు."

కండక్టరమ్మ డబ్బా మూతపెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, మీ అమ్మాయి రోజూ నా బస్సులోనే కాలేజీకి వెళ్తుంది. నిన్న ఒక మాట చెప్పింది. మీతో అనొద్దంది. కానీ బస్సు పెరుగు మీద నిలబడ్డాక ఇంక నా వల్ల కాదు."

గేర్ల బాబాయ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"'ఆంటీ, మా నాన్న నెలరోజులుగా పెరుగు తోడేస్తున్నాడు, ఒక్కరోజు కూడా తోడుకోలేదు' అంది. పొద్దున్నే లేచి మూత తీసి చూసుకుంటారట. ఆ పిల్ల లేవకముందే గరిటెతో గిలక్కొట్టి, ఇది కొత్తరకం మజ్జిగమ్మా అని గ్లాసులో పోసిస్తారట. 'నేను నిద్రపోతున్నాననుకుంటాడు, ఆ గరిటె చప్పుడుకే రోజూ నాకు మెలకువ వస్తుంది' అంది."

షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. కుర్రమేస్త్రి టైరు మీంచి కిందికి జారి మరీ నవ్వాడు. గేర్ల బాబాయ్ చెవులు వేడెక్కాయి.

నవ్వులు సద్దుమణిగాక మెల్లగా అడిగాడు. "మరి ఇష్టం లేకుండానే తాగుతోందా?"

"నేనూ అదే అడిగాను. నీళ్ళలా ఉంటుందట. కాస్త పచ్చివాసన కూడానట. అయినా చుక్క మిగల్చనంది. 'తోడుకునే ఉపాయం ఉంటే చెప్పండి ఆంటీ, రాత్రి నాన్న పడుకున్నాక నేను కలిపేస్తాను, తనకే కుదిరిందనుకుంటాడు' అంది. పచ్చిమిరపకాయ తొడిమలు వెయ్యమన్నాను. తోడుకి పెరుగు లేనప్పుడు మా అమ్మ అలాగే చేసేది."

గేర్ల బాబాయ్ చేతిలో ముద్ద తిన్నాడు. నీళ్ళు తాగాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"అమ్మాయిని వెయ్యొద్దను చెల్లెమ్మా. నేనే వేస్తాను. ఎన్ని తొడిమలు?"

"అరలీటరుకి ఎనిమిది. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే వెయ్యాలి."

ఆయన క్యారియర్ మూత మీద ఎనిమిది అంకె వేసి, పక్కన గోరువెచ్చగా అని రాసుకున్నాడు.

"తోడుకున్న రోజు మాకూ తీసుకురా బాబాయ్," అన్నాడు కుర్రమేస్త్రి. ఈసారి వాడి గొంతులో వెటకారం లేదు.

"తెస్తాను," అన్నాడు గేర్ల బాబాయ్. కొంచెం ఆలోచించి, "చిన్న గిన్నే," అన్నాడు.