గోమయ గ్యాసు విడుదల

మా సూర్యప్రకాశరావు కోతలు ఎప్పుడూ చిన్నగానే మొదలవుతాయి. ఆయనతో వచ్చిన చిక్కే అది. మొదటి మాట నమ్ముతాం, పదో మాటకి గాని తేరుకోం.

ఆ మధ్యాహ్నం చిక్కడపల్లి ఇరానీ హోటల్లో షట్టర్ సగం దించి ఉంది. అరవై తొమ్మిది కదా, తెలంగాణ ఉద్యమం రోజులు, రోజూ ఎక్కడో ఒకచోట ఊరేగింపు, లాఠీచార్జీ, టియర్ గ్యాసు. బయట సైకిల్ ట్యూబు పేలినా లోపల మా గుండెలు జారిపోయేవి. నేనూ, ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే జగదీశ్వరూ ఒక పక్క కూర్చున్నాం, ఎదురుగా సూర్యప్రకాశరావు. రాజమండ్రి మనిషి. గోబర్ గ్యాసు మీద పరిశోధన చేసే సర్కారు కేంద్రాలన్నిటికీ కలిపి ఒక ప్రచార శాఖ ఉండేది, అందులో ఉద్యోగం. రిక్షాకి మైకు కట్టుకుని, పేడతో పొయ్యి వెలుగుతుందని బస్తీ బస్తీకీ చెప్పి రావడం ఆయన పని.

అప్పుడే షట్టర్ కింద నుంచి వంగి ఒకతను లోపలికొచ్చాడు. చేతులనిండా సున్నం.

"అన్నా, మా అవ్వను చూసిన్రా? బుగ్గమ్మ అంటరు. ముసల్ది, కండ్లు సక్కగ కనవడయ్. మొన్న అశోక్‌నగర్ల బర్రెల కొట్టం కాడ జనమంత ఒక్కసారె ఉరికిన్రంట. గప్పటి సంది ఇంటికి రాలే."

పేరు ఈదయ్య. పాలమూరు నుంచి కూలికి వచ్చినవాడు. ఆ రోజు గాంధీనగర్లో ఇటుకలు మోస్తున్నాడట. రెండు రోజులుగా తల్లి కోసం తిరుగుతున్నాడు.

సూర్యప్రకాశరావు ముఖం పాలిపోవడం నేను చూశాను. కానీ ఆ నోరు ఆయన మాట ఎప్పుడు విన్నది గనక!

"బర్రెల కొట్టం దగ్గరా? అక్కడ మొన్న నా సభే కదయ్యా! ఉరికారంటే ఉరకరూ మరి, నా మాట వినడానికి ఉరికారు. కూర్చో, టీ తాగు. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, ఓ అరవై మంది వచ్చారండీ. పొద్దున్న తొమ్మిదింటికి మైకు పట్టాను, పదింటికి గ్యాసు వెలిగించాలి, ఈలోపలే అరవై మంది."

"మా అవ్వ వచ్చిందా సారూ?"

"రాకపోవడమేమిటి, మొదటి వరసలో కూర్చుంది!"

ఈదయ్య ముఖం ఒక్కసారిగా తేటపడింది. ఆ ముఖం చూశాక సూర్యప్రకాశరావుకి వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అరవై కాస్తా ఆరువందలైంది, నారాయణగూడ నుంచి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, బషీర్‌బాగ్ నుంచి ఆఫీసులు మూసుకుని మరీ వచ్చారు, నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. పేడ గొయ్యి మీద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉంటుంది చూడండి, గ్యాసు పుట్టేకొద్దీ అది పైకి లేస్తుంది, ఇది సైన్సు, నా సొంత పైత్యం కాదు. మామూలుగా అయితే మూరెడు లేస్తుంది. కానీ నా ఉపన్యాసం విని కొట్టంలో ఉన్న బర్రెలకి కూడా ఉత్సాహం వచ్చేసి..."

"బర్రెలకు తెలుగొస్తదా?" అన్నాడు జగదీశ్వర్.

"మధ్యలో అడ్డురాకండి. ఉత్సాహం వచ్చేసి, వారం రోజుల పేడ పది నిమిషాల్లో వేసేశాయి! అదంతా గొయ్యిలో పోశాం. డ్రమ్ము మూరెడు లేచింది, నిలువెత్తు లేచింది, కొసకి గొయ్యిలోంచి ఊడి గాల్లోకి లేచింది. ఒక్క గంతులో నేను దాని మీదకెక్కేశాను."

"మరి మా అవ్వ?"

సూర్యప్రకాశరావు సాసరులోకి టీ ఒంపుకున్నాడు.

"ఆవిణ్ణి వదిలేస్తానా? చెయ్యి పట్టి పైకి లాగి పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ‘భయపడకమ్మా, నేనున్నాను కదా’ అన్నాను. సుల్తాన్ బజార్ మీదుగా పోతున్నాం, కింద మేడలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి, ఓ పక్క పోలీసులు టియర్ గ్యాసు కొడుతున్నారు. వాళ్ళ గ్యాసెంత, నా గ్యాసెంత! డ్రమ్ము మూత ఒక్క చుట్టు తిప్పాను. ఆ విసురుకి ఊళ్ళో పొగంతా కొట్టుకుపోయింది, ఆ సాయంత్రం ఇంటింటా వంట నా గ్యాసు మీదే..."

బయట పోలీసు వ్యాను చప్పుడైంది. హోటలాయన షట్టర్ ఇంకో జానెడు దించాడు. వ్యాను మెల్లగా దాటిపోయింది. సూర్యప్రకాశరావు తల బల్లకి ఆనేటంత వంగిపోయింది.

ఈదయ్య మాత్రం ఆయన్నే చూస్తున్నాడు.

"ఏడ దిగింది సారూ?"

"ఎవరు?"

"మా అవ్వ. నీతోటే ఉండెనంటివి గద. ఏడ దించినవో చెప్పు, పోయి తోల్కొస్త."

సూర్యప్రకాశరావు హుస్సేన్‌సాగర్ అనబోయాడు. హు అనేదాకా వచ్చి ఆగిపోయాడు. ఆయన మాట తడబడటం నేను చూడటం అదే మొదలు.

"దించలేదయ్యా," అన్నాడు చివరికి. "ఎవ్వరూ రాలేదు. నేను మైకులో చెప్పానో లేదో, తలుపులు వేసినవాళ్ళు వేశారు, పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తినవాళ్ళు పరిగెత్తారు. ఒక ముసలావిడ గోడ తడుముకుంటూ పోవడం చూశాను. ఆ గోలలో నా ఆంధ్రా యాస పట్టుకుని నన్ను కొడతారేమోనని నేనూ పరిగెత్తాను. రెండు రోజులుగా ఆఫీసుకి కూడా పోలేదు."

"ఏం చెప్పిన్రు మైకుల?" జగదీశ్వర్ అడిగాడు.

జేబులోంచి మడత కాగితం తీశాడు. ఆఫీసు వాళ్ళు రాసిచ్చిందట. చదివాడు. "ప్రజలకు విజ్ఞప్తి. నేటి ఉదయం పది గంటలకు ఈ బస్తీయందు ప్రభుత్వము వారిచే గోమయ గ్యాసు విడుదల చేయబడును. స్త్రీలు, బాలబాలికలు తప్పక హాజరు కావలెను."

"సర్కారు గ్యాసు విడుదలనా? గీ దినాలల్ల?" జగదీశ్వర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఆడోళ్ళను, పిల్లగాండ్లను గూడ పిలిచిన్రా!"

ఈదయ్య కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని నాకనిపించింది.

"గోమయం అంటె ఏంది సారూ?"

"ఆవు పేడ."

"పెండనా?"

"పెండే."

"మరి పెండ అని ఎందుకనలే?"

సూర్యప్రకాశరావు కాగితం జేబులో పెట్టుకున్నాడు. లేచి షట్టర్ కింద నుంచి బయటికి దూరాడు. వెనకే మేమూ. ఆయన ఒంటరిగా ఆ బస్తీలో అడుగుపెట్టలేడని మాకు తెలుసు, మాకూ భయంగానే ఉంది. ఆఫీసు దొడ్లోంచి మైకు రిక్షా తీసుకుని నలుగురం అశోక్‌నగర్ దారి పట్టాం.

కొట్టం మలుపులో ఆయన మైకు అందుకున్నాడు. "ప్రజలకు..." అన్నాడో లేదో, ఎదురుగా ఒక తలుపు మూసుకుంది. దాని పక్కది మూసుకుంది. ఎవరో తల్లి వాకిట్లో బిడ్డను లాక్కుని లోపల గడియ పెట్టుకుంది.

మైకు ఈదయ్య చేతికిచ్చేశాడు. ఈదయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు.

"అవ్వా, నేను ఈదయ్యను. గది పోలీసోళ్ళ గ్యాసు గాదే, పెండ గ్యాసు. మన బర్రెల పెండనే. ఏడున్నవే అవ్వా, ఇంటికి పోదాం రా."