ఫ్రిజ్ మీద తిట్ల కార్డు

మోంటానాలోని ఒక చిన్న కాఫీ హోటల్లో, గుర్రాలకు నాడాలు కొట్టే ముసలాయన పాత కార్డొకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా ఉన్నావిడ చూడగానే గుర్తుపట్టింది. ఇరవై ఏళ్ల కిందట, పార్టీ ప్రచారంలో పనిచేసేటప్పుడు, దాన్ని రాసింది తనే.

"చదువమ్మా. నేను రెండు పెద్ద పార్టీలూ కాక మూడో పార్టీ తరఫున నిలబడ్డప్పుడు ఇంటింటికీ వచ్చిందిది."

"'ఈయనకి ఓటెయ్యకండి. మరీ మొండిమనిషి. పన్నులన్నీ ఎత్తేస్తానంటాడు, తుపాకుల జోలికొస్తే ఊరుకోనంటాడు.'"

"మా ఆవిడ మురిసిపోయి ఫ్రిజ్‌కి పెట్టమంది. నన్నింత బాగా ఎవరూ పొగడలేదంది. ఆ ఏడు ఎంత బాగా గడిచిందో! పికప్ ట్రక్కు వెనక బోర్డు కట్టుకుని ఇద్దరం ఊళ్లన్నీ తిరిగాం."

"అది పొగడ్తేనండీ. తిట్టినట్టు రాస్తే అవతలి పార్టీవాళ్లకి మీమీద మోజు పుట్టి, వాళ్ల ఓట్లు చీలతాయని మేమే పంపాం. రాసింది నేనే. మావాడు మూడొందల ఓట్లతో గట్టెక్కాడు."

"తెలుసులే. అడుగున సన్నక్షరాల్లో మీ పార్టీ పేరుందిగా."

"మరి ఆవిడ చూళ్లేదా?"

"పోయేదాకా చూళ్లేదు. సరిగ్గా ఆ పేరు మీద అయస్కాంతం పెట్టింది నేనేగా."